ఊళ్లోకి వచ్చే పసుపు వ్యాన్

బడులు తెరిచే జూన్ నెలలో పొద్దున ఏడున్నరకు ఏ ఊరి సెంటర్లోనైనా కాసేపు నిలబడితే మన చదువుల సంగతంతా కళ్లముందే నడుస్తుంది. ముందుగా పట్నం నుంచి ‘టెక్నో’ స్కూలు బస్సు వస్తుంది. ఉద్యోగస్థుల పిల్లలు, పదెకరాల ఆసాముల పిల్లలు అందులో ఎక్కుతారు. తర్వాత మండల కేంద్రంలోని చిన్న కాన్వెంటు పసుపు వ్యాన్ వస్తుంది. రెండెకరాల రైతు, ట్రాక్టర్ డ్రైవరు, కిరాణా కొట్టు నడుపుకునే మనిషి తమ పిల్లల్ని దాంట్లో ఎక్కించి టాటా చెబుతారు. ఆ రెండూ దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాక, తొమ్మిది గంటల వేళ మిగిలిన పిల్లలు నడుచుకుంటూ ఊరి బడికి చేరతారు. మిగిలినవాళ్లు ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు. కూలి పనికి పోయేవాళ్ల పిల్లలు, ఎస్సీ కాలనీ పిల్లలు, ఇటుకబట్టీల దగ్గరికి వలస వచ్చినవాళ్ల పిల్లలు. కొన్ని ఇళ్లలోనైతే కొడుకు వ్యాన్ ఎక్కుతాడు, కూతురు ఊరి బడికి నడుస్తుంది.

ఒకే ఊరు, ఒకే వయసు, మూడు దారులు. పిల్లల తెలివిని కొలిచి ఈ దారులు ఎవరూ వేయలేదు. తల్లిదండ్రుల చేతిలో ఎంత డబ్బు ఆడుతుందో దాన్ని బట్టి అవి చీలాయి. ఈ చీలికలో ప్రభుత్వ విధానం పాలెంత, బజారు పాలెంత, చివరికి నష్టం ఎవరి మీద పడుతోంది అన్నది ఓపిగ్గా విప్పి చూద్దాం.

ముందే ఒక మాట. పాతకాలంలో అందరూ ఒకే బడిలో కలిసిమెలిసి చదివారని నేను చెప్పబోవడం లేదు. దళితవాడ పిల్లల్ని విడిగా కూర్చోబెట్టిన బడులు మన తాతల కాలంలో ఉండేవి. ఆడపిల్లల్లో చాలామంది బడి మొహమే చూడలేదు. కానీ ఊరి పెద్ద కొడుకు కూడా ఆ బడికే పోయేవాడు గనుక, కప్పు కారితే, పంతులు రాకపోతే నిలదీసే గొంతు ఒకటి ఊళ్లో ఉండేది. ఇప్పుడు ఆ గొంతు బస్సెక్కి వెళ్లిపోయింది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న దానికి మూలం అదే.

పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించాలని రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకున్నాం. అంటే 1960 నాటికి. అది హక్కుగా అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న, విద్యాహక్కు చట్టంతో. మధ్యలో 1964–66 నాటి కొఠారీ కమిషన్ రెండు ముఖ్యమైన మాటలు చెప్పింది. ఒకటి, ఏ వాడ పిల్లలు ఆ వాడ బడిలోనే కలిసి చదవాలి, ఉన్నవాళ్లకో బడి లేనివాళ్లకో బడి ఉండకూడదు. రెండు, జాతీయాదాయంలో 6 శాతం చదువు మీద ఖర్చు పెట్టాలి. మొదటి మాట కాగితాల్లోనే ఉండిపోయింది. రెండో మాటను 1968 జాతీయ విద్యావిధానం ఒప్పుకుంది, 1986 విధానం ఒప్పుకుంది, 2020 విధానం మళ్లీ ఒప్పుకుంది. అదే 2020 పత్రం, 2017–18 లెక్కల ప్రకారం కేంద్రం, రాష్ట్రాలు కలిసి పెడుతున్నది 4.43 శాతమేనని కూడా రాసింది. యాభై ఏళ్లుగా బాకీ పడ్డ ఆ తేడాలోనే బజారు మొలిచింది.

మన తెలుగు నేల ఈ విషయంలో దేశానికి ముందు నడిచిందనే చెప్పాలి. 1980లలో గుంటూరు, విజయవాడల చుట్టూ కోచింగ్ సెంటర్లు, రెసిడెన్షియల్ కాలేజీలు పుట్టాయి. ఎంసెట్ ర్యాంకు ఇంటింటి కల అయ్యాక అవే కార్పొరేట్ కాలేజీలయ్యాయి. తర్వాత ఇంటర్ నుంచి కిందికి దిగి, ‘ఐఐటీ ఫౌండేషన్’ పేరుతో ఆరో తరగతిలోకీ, ‘కాన్సెప్ట్’ పేరుతో ఎల్‌కేజీలోకీ చేరాయి. ఇంకోవైపు హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో చిన్న ఇళ్లలో నడిచే తక్కువ ఫీజు స్కూళ్లను 2000లో చూసిన జేమ్స్ టూలీ అనే ఇంగ్లండ్ ప్రొఫెసరు, పేదల చదువుకు ఇదే దారి అని ప్రపంచమంతా ప్రచారం చేశారు. అలా చార్మినార్ చుట్టుపక్కల బడులు ప్రైవేటు విద్యను సమర్థించే వాదనకు అంతర్జాతీయ ఉదాహరణ అయ్యాయి.

అదే కాలంలో సర్కారు బడిలో జరిగిందేమిటి? ప్రపంచ బ్యాంకు అప్పుతో జిల్లా ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. గదులు కట్టారు, పిల్లల్ని బడిలో చేర్పించారు. అది మంచిదే. కానీ చేరిన పిల్లలకు సరిపడా రెగ్యులర్ టీచర్లను వేయకుండా, 1990ల చివర నుంచి విద్యా వాలంటీర్లతో నెట్టుకొచ్చారు. బడికి మొదటిసారి వచ్చిన తరం పిల్లలకు అందరికంటే నేర్పరి టీచర్లు కావాలి. మనం వాళ్లకు గౌరవవేతనం మీద పనిచేసే వాలంటీర్లనిచ్చాం. ఆ అలవాటు ఇంకా పోలేదు. తెలంగాణలో 2017 నాటి టీఆర్టీ తర్వాత మళ్లీ టీచర్ల నియామకం జరిగింది 2024లో. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ 2025లో. ఒకటో తరగతిలో చేరిన పాప ఏడో తరగతి దాటేదాకా కొత్త టీచరు రాలేదన్నమాట.

ఇక జనం ఎటు కదిలారో చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని వేల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించి గమనించిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఉంది. దాని ప్రకారం ఎనిమిదేళ్ల వయసు పిల్లల్లో ప్రైవేటు బడికి పోయేవాళ్లు 2002లో 24 శాతం, 2009లో 44 శాతం. ఏడేళ్లలో వచ్చిన మార్పది. అబ్బాయిల్ని ప్రైవేటుకు, అమ్మాయిల్ని ప్రభుత్వ బడికి పంపే తేడా కూడా అందులో బయటపడింది. 2025లో కేంద్ర గణాంక శాఖ చేసిన సర్వేలో దేశం మొత్తం మీద ప్రభుత్వ బడిలో చదివే పిల్లవాడికి ఇంటివాళ్లు ఏడాదికి సగటున పెట్టే ఖర్చు 2,863 రూపాయలు, మిగతా బడుల్లో 25,002 రూపాయలు. దాదాపు తొమ్మిది రెట్లు. ఇది సగటు లెక్క. హైదరాబాద్‌లో ఎల్‌కేజీకే లక్షలు తీసుకునే ఇంటర్నేషనల్ స్కూళ్లూ, నెలకు వెయ్యి రూపాయలు కట్టించుకునే వీధి కాన్వెంట్లూ ఆ ఒక్క అంకెలోనే ఉన్నాయి. ప్రైవేటు అంటే ఒక మెట్టు కాదు, పెద్ద నిచ్చెన. ఒక్కో మెట్టు మీద ఒక్కో ఆదాయం వాళ్లే కూర్చుంటారు.

ఇప్పుడు ఊరి బడి ఎలా కుంగుతుందో చూడాలి. దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ‘పిల్లలు లేరు, అందుకే బడి మూసేశాం’ అనే మాట మనం తరచూ వింటాం.

విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ప్రాథమిక బడిలో అరవై మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, అరవై ఒకటి నుంచి తొంభై దాకా ముగ్గురు. గమనించండి, లెక్క పిల్లల తలలది. తరగతులది కాదు. అరవై మంది ఒకే తరగతిలో ఉన్నా, ఐదు తరగతుల్లో పన్నెండు మంది చొప్పున ఉన్నా చట్టానికి ఒకటే. ఒక ఊరి బడిలో డెబ్భై మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు ఉన్నారనుకుందాం. ఒక జూన్‌లో వ్యాన్ వచ్చి పదిహేను మందిని తీసుకుపోయింది. ఇప్పుడు యాభై ఐదు. సర్దుబాటు పేరుతో ఒక టీచరును వేరే బడికి పంపిస్తారు. మిగిలిన ఇద్దరు ఐదు తరగతులు చూడాలి. వాళ్లలో ఒకరు శిక్షణకో, ఓటర్ల జాబితా పనికో పోతే ఆ రోజు ఒక్కరే. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే నాలుగో తరగతి పిల్లలు పుస్తకం ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంటారు. ఇది చూసిన తండ్రి మరుసటి జూన్‌లో అప్పు చేసైనా తన బిడ్డను వ్యాన్ ఎక్కిస్తాడు. అతన్ని తప్పుబట్టడానికి నోరు రాదు. సంఖ్య ఇంకా తగ్గుతుంది, మరో పోస్టు కదులుతుంది. చివరికి ఏకోపాధ్యాయ పాఠశాల. ఆ తర్వాత విలీనం.

2024–25 అధికారిక లెక్కల్లో దేశంలోకెల్లా ఎక్కువ ఏకోపాధ్యాయ బడులు ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్: 12,912. ఒక్క పిల్లవాడూ లేని బడుల సంఖ్యలో పశ్చిమ బెంగాల్ తర్వాత రెండో స్థానం తెలంగాణది: 2,245. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ఊరి బడి నుంచి తీసి హైస్కూళ్లకు కలిపినప్పుడు, ఒకటి రెండు తరగతులతో, ఒక్క టీచరుతో మిగిలిపోయిన బడులు ఎన్నో. ఆ ఉత్తర్వును 2025లో వెనక్కి తీసుకున్నారు. ఈలోపు వెళ్లిపోయిన పిల్లలు ఉత్తర్వుతోపాటు వెనక్కి రారు. వ్యాన్ ఊళ్లోకి వచ్చింది గనుక బడి ఖాళీ అయిందన్నది సగమే నిజం. బడిలో టీచరు లేకపోవడం చూసే వ్యాన్ ఊళ్లోకి వచ్చింది.

సరే, వ్యాన్ ఎక్కిన పిల్లలకు ఒరిగిందేమిటి? దీనికి ఊహల మీద ఆధారపడక్కర్లేదు. మన దగ్గరే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. 2008 నుంచి నాలుగేళ్లపాటు, ఉమ్మడి రాష్ట్రంలో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో, ప్రభుత్వ బడి పిల్లల పేర్లతో లాటరీ తీశారు. పేరు వచ్చినవాళ్లకు ప్రైవేటు బడిలో చదువుకోవడానికి ఫీజు కట్టారు. పేరు రానివాళ్లు ఉన్నచోటే ఉన్నారు. లాటరీ గనుక రెండు గుంపుల పిల్లల ఇళ్ల స్తోమతలో తేడా లేదు. ఇక మార్కుల్లో తేడా వస్తే అది బడి వల్లే వచ్చిందని తేల్చుకోవచ్చు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఈ ఫలితాలను 2015లో ప్రచురించారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పరు, కాబట్టి అందులో వింతేం లేదు.

అంటే మామూలుగా పదో తరగతి ఫలితాల రోజున ప్రైవేటు బడి ముందు కనిపించే తేడాలో చాలాభాగం, ఆ బడికి ఎలాంటి ఇళ్ల నుంచి పిల్లలు వచ్చారన్న దానిది. చదువుకున్న తల్లి, ఇంట్లో దీపం కింద ఒక టేబులు, సాయంత్రం ట్యూషన్. ఫ్లెక్సీ మీద ఫొటో మాత్రం బడిది.

న్యాయంగా చెప్పాలంటే అదే అధ్యయనంలో ప్రైవేటు పక్షానికి పనికొచ్చే మాటలూ ఉన్నాయి. ఆ ఊళ్లలోని ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి కూడా సమాన ఫలితం తెచ్చాయి. వెళ్లిపోయినవాళ్ల వల్ల ఉండిపోయిన పిల్లల మార్కులు పడిపోలేదని కూడా అది చెప్పింది. నాలుగేళ్లపాటు, టీచర్ పోస్టులు కదలని పరిస్థితిలో అది నిజమే కావచ్చు. పైన చెప్పిన కుంగుబాటు పదిహేను, ఇరవై ఏళ్ల మీద జరిగేది.

తక్కువ ఖర్చు సంగతి మాత్రం తేలిగ్గా వదిలేయకూడదు. ఆ పొదుపు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ప్రైవేటు బడుల్లో టీచర్ల జీతం ప్రభుత్వ టీచరు జీతంలో దాదాపు ఆరో వంతు. డిగ్రీ, కొన్నిసార్లు బీఈడీ చేసి, పెళ్లికి ముందో తర్వాతో ఊళ్లో వేరే పని దొరక్క బడిలో చేరిన అమ్మాయిలే వాళ్లలో ఎక్కువ. పొద్దున వ్యాన్‌లో పిల్లలతో పాటు వచ్చి, సాయంత్రం నోటుపుస్తకాలు ఇంటికి మోసుకెళ్లి, ఏప్రిల్, మే నెలలకు జీతం లేకుండా గడిపే మనుషులు. కరోనా కాలంలో బడులు మూతపడితే వాళ్లు ఉపాధి పనికి పోయారు, కూరగాయలు అమ్మారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సివచ్చిందంటే వాళ్ల బతుకు ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో తెలుస్తుంది. బజారు చవగ్గా చదువు చెబుతోందని మెచ్చుకునేవాళ్లు, ఆ చవక ఆ అమ్మాయిల శ్రమ నుంచి పిండినదని గుర్తించాలి. వర్గాల తేడా బడిలో పిల్లల మధ్యే లేదు, టీచర్ల గదిలో కూడా ఉంది.

ఫీజుల మీద అదుపు లేదా అంటే, కాగితం మీద ఎప్పుడూ ఉంది. 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబర్ 1 ప్రకారం, వసూలైన ఫీజులో సగం టీచర్ల జీతాలకు, 15 శాతం వాళ్ల పీఎఫ్, గ్రాట్యుటీ లాంటి వాటికి, 15 శాతం నిర్వహణకు, 15 శాతం బడి అభివృద్ధికి పోవాలి. యాజమాన్యానికి మిగలాల్సింది 5 శాతం. ఈ ఒక్క జీవో అమలై ఉంటే ఫీజులు, జీతాలు రెండూ మరోలా ఉండేవి. తెలంగాణలో 2017లో ప్రొఫెసర్ తిరుపతిరావు కమిటీ వేశారు. ఏళ్లు గడిచినా దాని సిఫార్సులు చట్టం కాలేదు. ఆంధ్రప్రదేశ్ 2021 ఆగస్టులో గరిష్ఠ ఫీజులు నిర్ణయించింది. పంచాయతీల్లో ప్రైమరీకి 10 వేలు, కార్పొరేషన్లలో హైస్కూలుకు 18 వేలు. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ జీవోల్ని కొట్టేసింది. ఒక్కో బడి ఖర్చు చూడకుండా అందర్నీ ఒకే గాటన కట్టడం న్యాయస్థానం ముందు నిలవలేదు. పద్దులు చూసి ఫీజు తేల్చే ఓపికైన పని ఏ ప్రభుత్వమూ గట్టిగా చేపట్టలేదన్నదే అసలు విషయం.

ఇక ప్రభుత్వమే డబ్బును బడికి కాకుండా తల్లి చేతికి ఇచ్చే పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి పథకం ఏడాదికి 15,000 రూపాయలు అన్నది. బిడ్డ ప్రభుత్వ బడిలో ఉన్నా, ప్రైవేటులో ఉన్నా సరే. తర్వాతి ప్రభుత్వం దాన్నే తల్లికి వందనంగా మార్చి, ప్రతి బిడ్డకూ వర్తింపజేసింది. కూలికి పోయే తల్లికి ఆ డబ్బు ఎంత ఆసరానో తెలిసినవాణ్ని కనుక దాన్ని తీసెయ్యమని నేను అనను. కానీ ఆ డబ్బు ఒక చిన్న కాన్వెంటు ఏడాది ఫీజుకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి అది చెప్పకుండానే ఒక దారి చూపిస్తుంది. పైగా ఏ తల్లీ తన 15,000తో ఊరి బడికి మూడో టీచరును తెచ్చుకోలేదు. ఆ పని అందరి డబ్బూ ఒకచోట చేర్చి ప్రభుత్వం మాత్రమే చేయగలదు.

విద్యాహక్కు చట్టంలోని 25 శాతం సీట్ల సంగతీ ఇలాంటిదే. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో పావు వంతు సీట్లు పేదలకివ్వాలని 12వ సెక్షన్ చెబుతుంది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ 2022–23లో గానీ మొదలుపెట్టలేదు. తెలంగాణలో చట్టం వచ్చిన పదేళ్లకు కూడా అమలు కాలేదు. ఒకే బెంచీ మీద కూలీ కొడుకునూ డాక్టరు కూతురునూ కూర్చోబెట్టే సెక్షన్ కాబట్టి దాన్ని గట్టిగా అమలు చేయాలి. అయినా అది నలుగురిలో ఒకరి సంగతి. ఊరి బడిలో మిగిలిన పిల్లలకు అందులో ఏమీ లేదు.

సర్కారు తన బడుల్లోనే మెట్లు కట్టిందన్నది ఇంకో బాధ. 1971లో పీవీ నరసింహారావు హయాంలో సర్వేల్‌లో మొదలైన గురుకులం, 1980లలో ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారుల పట్టుదలతో విస్తరించిన సాంఘిక సంక్షేమ గురుకులాలు ఎన్ని పేద ఇళ్లను నిలబెట్టాయో లెక్కలేదు. సర్కారు తలుచుకుంటే ఏ కార్పొరేట్‌కూ తీసిపోకుండా చదువు చెప్పగలదనడానికి అవే రుజువు. అయితే ప్రవేశ పరీక్ష పెట్టి ఐదో తరగతిలో చురుకైన పిల్లల్ని గురుకులం ఏరుకుంటుంది. ఆరో తరగతిలో నవోదయ ఏరుకుంటుంది. తర్వాత మోడల్ స్కూలు. ఏరగా మిగిలిన పిల్లలతో జిల్లా పరిషత్ హైస్కూలు నడుస్తుంది. ఒక్కో గురుకుల విద్యార్థికి పెట్టే శ్రద్ధలో సగం ఊరి బడి పిల్లవాడికి పెట్టి ఉంటే అన్న ప్రశ్న ఏ బడ్జెట్ చర్చలోనూ రాదు.

డబ్బు పిల్లవాడి వెంట నడవాలి, బడులు పోటీ పడాలి అనే విధానాన్ని దేశమంతటా నడిపి చూసిన దేశం చిలీ. సైనిక పాలనలో 1981లో మొదలుపెట్టారు. మునిసిపల్ బడులు పేదలకే మిగిలిపోయాయి. 2006లో అక్కడి హైస్కూలు పిల్లలే వీధుల్లోకి వచ్చారు. వాళ్ల యూనిఫాం చూసి జనం ఆ ఉద్యమాన్ని పెంగ్విన్ల విప్లవం అన్నారు. 2015లో అక్కడి పార్లమెంటు, ప్రభుత్వ డబ్బు తీసుకునే బడులు లాభం తీసుకోకూడదని, పిల్లల్ని ఏరుకోకూడదని, తల్లిదండ్రుల దగ్గర అదనపు ఫీజు వసూలు చేయడం క్రమంగా ఆపాలని చట్టం చేసింది. మూడు దశాబ్దాలకు పైగా నడిచాక వెనక్కి తిరిగిన దారి అది. మనం అదే దారిలో, పేరు పెట్టకుండా, నడుస్తున్నాం.

ఇంగ్లిష్ మీడియం బోర్డు మార్చినంత మాత్రాన, నాడు–నేడు, మన ఊరు–మన బడి పథకాల కింద గోడలకు రంగులేసి మరుగుదొడ్లు కట్టినంత మాత్రాన ఈ కుంగుబాటు ఆగదు. అవి అవసరమే, ముఖ్యంగా ఆడపిల్లలకు. కానీ తండ్రి బడి గేటు దగ్గర నిలబడి వెతికేది రంగును కాదు, తన బిడ్డ తరగతిలో టీచరు ఉన్నాడా అని. పిల్లల తలల లెక్కన కాకుండా తరగతుల లెక్కన టీచర్లను ఇస్తే, ఏటా ఖాళీలు నింపితే, వ్యాన్ తనంతట తానే ఖాళీ అవుతుంది. ఐదు తరగతులకు ఐదుగురు టీచర్లు అంటే ఖర్చే. ఆ ఖర్చుకే 1968లో 6 శాతం అని మాటిచ్చాం.

ఈ వ్యాసం చదువుతున్నవారిలో చాలామంది తమ పిల్లల్ని ప్రైవేటు బడిలోనే చదివిస్తుంటారని నాకు తెలుసు. వాళ్లను తీసుకొచ్చి ఊరి బడిలో వేయమని అడగడం లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉంటుంది, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. రేపు కూలి పోగొట్టుకుని ఆ మీటింగుకు వచ్చే తల్లి మాటకు బలం లేదు. మీ మాటకు ఉంది. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీరు అక్షరాలు దిద్దిన బడికి ఒకసారి వెళ్లండి. ఎన్ని తరగతులు, ఎంతమంది పిల్లలు, ఎందరు టీచర్లు అని అడిగి రాసుకోండి. ఆ మూడు అంకెలతో ఎంఈవోకు, మీ ఎమ్మెల్యేకు ఒక ఉత్తరం రాయండి, ఆ తల్లిని కూడా వెంటబెట్టుకుని వెళ్లి ఇవ్వండి.